మా ఇంటి మోకాళ్ళు

మోకాలి చిప్ప పక్కకు జారిపోవడం ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు ఆ పూట అన్నం సరిగా తినలేరు. ముందు వైపు గుండ్రంగా ఉండాల్సిన చోట చర్మం లోపలికి గుంటపడుతుంది. చిప్ప వెళ్ళి బయటి పక్కన గడ్డలా లేచి కూర్చుంటుంది. కాలు నాదేనని తెలుస్తూనే ఉంటుంది, కానీ ఎవరిదో కాలు తెచ్చి నాకు అతికించినట్టు ఉంటుంది. నాకిది ఎన్నోసార్లు జరిగింది కాబట్టి నొప్పి గురించి ఇప్పుడు పెద్దగా చెప్పాలనిపించదు. నొప్పి వచ్చి పోతుంది. ఆ మోకాలి చుట్టూ చేరిన మనుషుల మీద, వాళ్ళ మాటల మీద, వాళ్ళు వేసిన చేతుల మీద పుట్టిన అసహ్యం మాత్రం పోలేదు. దాన్ని దాచుకోవాలన్న కోరిక కూడా నాకు లేదు.

మొదటిసారి అది జరిగింది బూర్గంపాడు దగ్గర మిరప తోటలో. నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. ఊళ్ళు తిరగడం, గట్ల మీద నడవడం, ఆకు తిప్పి పురుగు చూడటం నా ఉద్యోగం. ఆ ఏడు నల్ల తామర పురుగు పూతనంతా నాకేస్తోంది. గట్టు మీద ఎడమ కాలు ఆనించి, వెనక వస్తున్న రైతుతో ఏదో చెప్పడానికి ఒళ్ళు మాత్రం తిప్పాను. కాలు ఉన్నచోటే ఉంది, ఒళ్ళు తిరిగింది, చిప్ప తన దారి తాను చూసుకుంది. పడిపోయాను.

"ఏంది మేడం, ఏమైంది?" అంటూ రైతు వచ్చి చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భార్య నయం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూడా నా మడమ పట్టుకుంది. "కాలు చాపు మేడం, జర చాపు, ఏం గాదు" అంటూ మెల్లగా చాపించింది. కాలు తిన్నగా అయ్యేసరికి చిప్ప టక్కున లోపలికి దూకింది. ఆ చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.

అక్కడితో మా ఆయనకు ఫోన్ చేసి నేరుగా ఖమ్మం వెళ్ళి ఉంటే బాగుండేది. కానీ పక్క చేలో వాళ్ళు కూడా పోగయ్యారు, అందరూ ఒకే మాట మీద ఉన్నారు. అడవి అంచున ఉన్న ఊళ్ళో కట్లు కట్టే ముసలాయన ఉన్నాడు, ఆయన చెయ్యి పడితే చాలు అన్నారు. ఆటోలో ఎక్కించారు. ఆయన నా మోకాలిని ఒకసారి నొక్కి చూసి, కోడిగుడ్డు తెల్లసొనలో మినపపిండి, ఏదో ఆకు పసరు కలిపి, గుడ్డ ముంచి, తొడ నుంచి పిక్క దాకా చుట్టేశాడు. పైన వెదురు బద్దలు. నెల దాకా విప్పొద్దన్నాడు. నెల అంటే ఆయనకు అందరికీ నెలే. చెయ్యి విరిగినవాడికీ నెల, చిప్ప జారినదానికీ నెల.

కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులవి. వారం తిరిగేసరికి ఆ కట్టు కంపు మొదలైంది. కుళ్ళిన గుడ్డు వాసన ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు, కానీ దాన్ని కాలికి కట్టుకుని దానితోనే తిని దానితోనే పడుకోవడం వేరు. చీమలు వరస కట్టాయి. పెనుబల్లి దగ్గర మా ఇంట్లో నా మంచం ఉన్న గదిలోకి ఎవరూ అవసరం లేకుండా వచ్చేవారు కాదు. మా ఆయన తన మంచం వసారాలోకి మార్చుకున్నాడు. "గాలి ఆడట్లేదు లోపల" అన్నాడు. వాసన అని అనడానికి ఆయనకు మొహమాటం, నా పక్కన ఉండకపోవడానికి మాత్రం మొహమాటం లేదు. కట్టు కత్తిరించిన రోజు కింద చర్మం నానిన కాగితంలా తెల్లగా, ముడతలు పడి, దద్దుర్లతో ఉంది. దాన్ని నేనే కడుక్కున్నాను.

ఆ తరవాత బాత్రూంలో ఒకసారి, గుమ్మం దాటుతూ ఒకసారి చిప్ప మళ్ళీ జారింది. అప్పుడు బావగారి దగ్గరికి తీసుకెళ్ళారు. మా ఆయనకు వరసకు అన్న అవుతాడు, ఖమ్మంలో ఎముకల డాక్టరు, సొంత ఆస్పత్రి. మా చుట్టాల్లో ఎవరికి చెయ్యి విరిగినా నడుము పట్టినా ఆయనే. ఆయన దగ్గరికి కాకుండా ఇంకో చోటికి వెళ్ళడమంటే పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకపోవడం లాంటిది.

ఒక చేత్తో నా కాలు పట్టుకుని ఇంకో చేత్తో చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో ప్లాట్ల సంగతి మాట్లాడుతూ నన్ను పరీక్ష చేశాడాయన. కార్నర్ బిట్టు ఎవరికీ ఇవ్వొద్దని అవతలివాడికి చెబుతూ నా మోకాలు వంచాడు. రెండో మోకాలు చూడలేదు. నడవమనలేదు. ఫోను పెట్టేసి, "లోపల లిగమెంటు తెగిందమ్మా, చిప్పని లోపలి వైపు పట్టి ఉంచే తాడు అది. కొత్తది వేసి కుట్టేస్తే సరిపోద్ది" అన్నాడు. తరవాత తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. పక్క మండలం యువకుడు, కబడ్డీ ఆటగాడు. ఆటలో ఇద్దరు మీద పడితే చిప్ప పక్కకు పోయిందట. ఈయన కుట్టాడు. వీడియోలో అతను కూతకు వెళ్ళి ముగ్గుర్ని తాకి వెనక్కి దూకుతున్నాడు. "చూశావుగా" అన్నాడు బావగారు. చూశాను. ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

ఆపరేషన్ అయింది. ఇసక సంచీ మడమకు కట్టుకుని కాలు ఎత్తడం, తొడ బిగించి పట్టడం, గోడకు ఆని సగం వంగడం, చెప్పినవన్నీ చేశాను. ఏడుస్తూ చేశాను. ఫిజియోథెరపీ గదిలో చెమట, నూనె, ఎవరివో పాత సాక్సుల వాసన కలిసి ఉండేది, అక్కడ పడుకుని చేశాను. మళ్ళీ పనిలోకి వెళ్ళాను. ఆ వర్షాకాలంలో సత్తుపల్లి బస్టాండులో ఆటో దిగుతుంటే, అంతమంది ముందు, చిప్ప మళ్ళీ పక్కకు జారింది. బురద నీళ్ళలో కూలబడ్డాను. ఒకాయన ఫోను తీసి వీడియో తీశాడు. సాయం పట్టినవాళ్ళలో ఒకడు నా నడుము దగ్గర చెయ్యి ఉంచాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉంచాడు.

బావగారు ఈసారి ఫోను పక్కన పెట్టే మాట్లాడాడు. "ఎక్సర్‌సైజులు సరిగా చెయ్యలేదు నువ్వు. బరువు కూడా చూసుకో. ఒకే ఆపరేషను, ఒకే చెయ్యి. ఆ పిల్లోడికి తగ్గి నీకు తగ్గలేదంటే తప్పు ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో అమ్మా."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చి మా చుట్టాలందరి నోళ్ళలోకీ వెళ్ళింది. ఏ ఫంక్షనుకు వెళ్ళినా బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని ఎవరో ఒకరు వచ్చేవారు. నా కాలు వైపు చూస్తూ, నములుతూ, "ఆ కబడ్డీ పిల్లోడు కానిస్టేబుల్ సెలక్షను కూడా కొట్టాడంట, నీకేంటే ఇంకా" అనేవారు. ఒళ్ళు వంచడం ఇష్టం లేదని, ఉద్యోగంలో తిరగకుండా తప్పించుకోవడానికి ఎత్తు వేశానని నా వెనక అనుకున్నారు. ముందర కూడా అన్నారు. వాళ్ళ పళ్ళ సందుల్లో ఇరుక్కున్న మెతుకులే నాకు గుర్తున్నాయి. ఎవరి ముఖం గుర్తు చేసుకున్నా అవే కనిపిస్తాయి.

మోకాలు లేని మనిషికి ప్రపంచమంతా మరుగుదొడ్డే. ఇది మగవాళ్ళకు తెలియదు. మండలాఫీసుల్లో, రైతు శిక్షణ జరిగే బడుల్లో, బస్టాండుల్లో అన్నీ గొంతుక్కూర్చునే దొడ్లు. తడి నేల, పాకుడు, పగిలిన మగ్గు, గొళ్ళెం లేని తలుపు. పట్టీ కట్టిన కాలు ముందుకు చాపి, ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుని, రెండో చెయ్యి ఎవరెవరో ముట్టిన గోడకు ఆనించి కానివ్వాలి. ఆ చేతిని ఎన్నిసార్లు కడిగినా సరిపోయేది కాదు. చివరికి ఫీల్డుకు వెళ్ళే రోజు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేశాను. అట్లా ఏళ్ళు గడిచాయి. ఒంటి మీద నాకే రోత పుట్టింది.

ఇదంతా నేను భరించాను. భరించడం గొప్ప అని కాదు, వేరే దారి తెలియలేదు. కానీ నా కూతురి సంగతి వచ్చేసరికి నాలో ఏదో తెగింది.

అది వ్యవసాయ డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. నాతో పాటు చిన్నప్పటి నుంచి చేలు తిరిగిన పిల్ల. ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం వద్దు, నీలాగే పొలాల్లో ఉంటాను అనేది. ప్రాక్టికల్స్‌లో అందరితో పాటు నాట్లు వేస్తోంది. బురదలో ఎడమ కాలు దిగబడింది, నారు కట్ట అందుకోవడానికి వెనక్కి తిరిగింది. కాలు బురదలో ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. ఫోనులో దాని స్నేహితురాలు చెబుతుంటే, మిగతాది నేనే చెప్పగలను అనిపించింది. నేను వెళ్ళేసరికి హాస్టలు మంచం మీద, మోకాలు ఉబ్బి, బురద ఇంకా గోళ్ళలో ఉండగా పడుకుని ఉంది. పట్టీ వేయించి ఇంటికి తెచ్చాను. నెల లోపలే, మంచం దిగుతుంటే మళ్ళీ జారింది.

"రేపు బుధవారం తీసుకురమ్మన్నాడు అన్నయ్య. లిగమెంటు కుట్టేస్తాడంట" అన్నాడు మా ఆయన. అప్పటికే మాట్లాడేసుకున్నాడు.

"నాకు కుట్టినట్టేనా?" అన్నాను.

"నీదంటే నువ్వు సరిగా చూసుకోలేదు. దీనిది చిన్న వయసు."

"వేరే డాక్టరుకు చూపిద్దాం."

"మనోడు ఉండగా ఇంకోడి దగ్గరికి పోతే ఆయన మొహం ఎట్లా చూస్తం?"

"ఆయన మొహం చూడటం కష్టమైతే నా మోకాలు చూడు," అన్నాను. చీర పైకి లాగి చూపించాను కూడా. కుట్ల గీత, దాని పక్కన ఎప్పుడూ దిగని వాపు. ఆయన చూడలేదు. టీవీ వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళ పైగా ఒక ఇంట్లో ఉన్నాం, నా మోకాలిని ఆయన ఒక్కసారి కూడా తిన్నగా చూడలేదు.

బుధవారం పొద్దున్నే కారు మాట్లాడుకుని, కూతుర్ని ఎక్కించుకుని, ఖమ్మంలోనే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ చెప్పింది ఆమె గురించి. కారు కదిలేముందు మా అత్తయ్య చేతిసంచీ పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఆమె నాకు అత్తగారే కాదు, మా నాన్నకు సొంత అక్క. మేనరికం నాది. "పిల్ల పక్కన నేనుంటా" అంది. ఎందుకొస్తోందో నాకు తెలుసు. అక్కడ ఎవరు ఏమన్నారో సాయంత్రానికల్లా బావగారికి చేరాలి.

డాక్టరమ్మ చిన్నావిడ, నలభై కూడా ఉండవు. నా కూతురు నొప్పి కాలు చాపబోతే, "అది ఆగనీ, ముందు మంచి కాలు చూపియ్యి" అంది. బల్ల అంచున కూర్చోబెట్టి కాలు మెల్లగా ఎత్తమంది. కాలు తిన్నగా అవుతుంటే చివర్లో చిప్ప కొంచెం బయటికి తప్పుకుని ఆగింది. మంచి కాలికే. నొప్పి కాలి చిప్పను బొటనవేలితో పక్కకు నెట్టబోతే నా కూతురు ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "సరే, నెట్టను, నెట్టను" అంది. కీళ్ళు వదులేమోనని పిల్ల చేతి బొటనవేలు వెనక్కి వంచి చూసింది. నడవమంది. వెనక నుంచి చూసింది. ఇదంతా అయ్యాక నా వైపు తిరిగి, "మీరు కూడా కాలు మీద బరువు సరిగా వెయ్యట్లేదు కదా, ఇటు రండి" అంది. నా మోకాలిని ఏ ఫోనూ లేకుండా రెండు చేతులతో పట్టుకున్న మొదటి డాక్టరు ఆమె. నాకు ఏడుపు రావాలి. రాలేదు, ఇన్నాళ్ళూ నా మీద చేతులు వేసినవాళ్ళ మీద కంపరం పుట్టింది.

నా కథ చెప్పాను. కబడ్డీ పిల్లోడి సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"బావి మీద గిలక చూసిండ్రు కదా. మోకాలి చిప్ప తాడు అనుకోండి. తొడ ఎముక చివర గిలక లెక్క ఒక గాడి ఉంటది. గాడి లోతుగుంటే తాడు ఎటూ పోదు. ఆ అబ్బాయికి గాడి మంచిగనే ఉండి ఉంటది, మీద పడ్డ దెబ్బకు లిగమెంటు తెగింది. కుట్టిండ్రు, తగ్గింది. కొంతమందికి పుట్టుకతోనే గాడి లోతుండదు, చదునుగ ఉంటది. వాళ్ళకు ఎంత గట్టి లిగమెంటు ఏసినా చిప్ప మళ్ళీ జారుద్ది. ఇంకొంతమందికి గాడి ఉన్నా చిప్ప బాగా పైన ఉంటది, గాడిలోకి దిగేలోపే పక్కకు పోతది. కొందరికి మోకాళ్ళు లోపలికి వంగి లాగుడే వంకరుంటది. ఎవరికేముందో చూసి చెయ్యాలె. చూడకుండ అందరికీ ఒక్కటే చేస్తే కొందరికి తగ్గుద్ది, కొందరికి తగ్గదు. తగ్గనోళ్ళ తప్పు కాదు అది."

చివరి వాక్యం ఆమె మామూలుగానే అంది.

"ఇంట్లో మీ ఇద్దరికేనా, ఇంకెవరికన్న ఉందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా అత్తయ్య అందుకుంది. "లేదమ్మా. మా ఇళ్ళల్లో ఎవరికీ ఇట్లాంటివి లేవు."

డాక్టరమ్మ తలూపి, నా కూతుర్ని బల్ల దిగి నేల మీద గొంతుక్కూర్చోగలదేమో చూడమంది, మెల్లగా, వచ్చినంత వరకే. పిల్ల బల్ల పట్టుకుని వంగింది. గొంతుక్కూర్చోలేదు. ఎడమ కాలు తిన్నగా ముందుకు చాపి, ఒక చెయ్యి నేలకు ఆనించి, పక్కకు ఒరిగి కూర్చుంది.

"ఇట్ల కూర్చోవడం ఎవరు నేర్పిండ్రు?"

"ఎవరు నేర్పలే మేడం. మా ఇంట్లో ఆడవాళ్ళమందరం ఇట్లనే కూర్చుంటం," అంది నా కూతురు.

మా ఇంట్లో నిజంగానే అట్లా కూర్చుంటాం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం మాది. మిరప కోతలకు వచ్చే కూలి ఆడవాళ్ళు రోజంతా గొంతుక్కూర్చుని కాయల్లో తాలు ఏరుతుంటే, మా నాయనమ్మ, అంటే అత్తయ్య తల్లి, వసారాలో కాలు చాపుకుని కూర్చుని చూసేది. చిన్నప్పుడు నేను వాళ్ళ పక్కన కూర్చోబోతే రెక్క పట్టుకుని లేపేది. "మన ఇంటి ఆడపిల్లలు గొంతుక్కూర్చోరు. అది కూలోళ్ళ కూర్చోవడం." ఊళ్ళో ఎవరికీ చెంబు తప్ప ఏమీ లేని రోజుల్లో మా తాతయ్య ఆమె కోసం వడ్రంగితో కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి దొడ్లో పెట్టించాడు. దాన్ని చూడటానికి చుట్టాలు వచ్చేవారు. ఎంత దర్జా అనేవారు. పూజలోనూ పెళ్ళి పీటల మీదా మా ఆడవాళ్ళకు బాసింపట్టు లేదు, ఎత్తు పీట వేసేవారు. దాన్ని కూడా ఇంటి మర్యాద అన్నారు. ఆ మర్యాదను మా అత్తయ్య నాకు నేర్పింది, నా కూతురికి నేర్పింది.

డాక్టరమ్మ గదిలో, నేల మీద నా కూతురు చాపిన కాలు చూస్తుంటే మా ఇంటి దర్జా అంతా నాకు కనిపించింది. అది దర్జా కాదు. వంగలేని మోకాళ్ళు. చిప్ప జారుతుందన్న భయం. దాన్ని దాచడానికి మర్యాద అని పేరు పెట్టి, ఆ పేరుతో, శుభ్రంగా వంగే మోకాళ్ళున్న ఆడవాళ్ళను తక్కువ చేసి చూశారు. పొలం బయటికి పోకూడదని మేనరికాలు చేసుకుంటూ వచ్చారు, మోకాళ్ళు కూడా బయటికి పోలేదు. నా కూతురికి అటు నా నుంచీ ఇటు తండ్రి నుంచీ అదే వచ్చింది.

డాక్టరమ్మకు కూడా అర్థమైనట్టుంది. మా అత్తయ్య వైపు కుర్చీ తిప్పుకుంది. "అమ్మా, స్కాన్‌ల ఎట్లాగూ కనపడుద్ది, దాగేది కాదు. కానీ ఇంట్లో ఎవరికుంది, ఏ వయసుల మొదలైంది, రెండు కాళ్ళకా అని తెలిస్తే అమ్మాయి రెండో కాలు గురించి కూడా ఇప్పుడే జాగ్రత్త పడతం. చెప్తే దానికే మంచిది."

మా అత్తయ్య చేతిసంచీ గొలుసు లాగి మూసి, సంచీ పక్కన పెట్టింది. తరవాత లేచి, తలుపు వేసి ఉందో లేదో చూసి, చీర కుచ్చిళ్ళు మోకాలి పైదాకా ఎత్తింది. నేనెప్పుడూ చూడని కాలు అది. చిప్ప అసలు ముందు వైపు లేదు. బయటి పక్కకు వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. తొడ సన్నబడి చర్మం వేలాడుతోంది.

"పెద్దమనిషినైన ఏడు మొదటిసారి పోయింది," అంది నేల చూస్తూ. "మా అమ్మ నొక్కి పెట్టింది. ఆమెకూ ఉంది. ఎవరితోనూ అనమాకు, నిన్ను ఎవరూ చేసుకోరు అంది. తరవాత్తరవాత పెట్టడం మానేశాం. రెండో కాలు కూడా అంతే."

నా కూతురు నేల మీంచే చెయ్యి చాపి ఆమె పాదం పట్టుకుంది. నేను పట్టుకోలేదు.

స్కాన్‌లు, పక్క నుంచి తీసే ఎక్స్‌రేలు ఇద్దరికీ తీశారు. నా కూతురిదీ నాదీ ఒకటే అనుకుని వెళ్ళాను. కాదట. దానికి గాడి మరీ లోతు లేకపోయినా ఉంది. చిప్ప బాగా పైన ఉండటం అసలు తంటా. చిప్ప కింది నరం అంటుకున్న ఎముక ముక్కను కోసి కిందికి దించి బిగించాలి, లోపలి తాడు కొత్తది వెయ్యాలి. తాడు ఒక్కటే వేస్తే మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. అంటే బుధవారం బావగారు చెయ్యబోయింది అదే. తరవాత డాక్టరమ్మ నా ఫిల్ము కిటికీ వెలుగుకు పట్టుకుంది. నా గాడి చదును. అసలు లేనట్టే. నాకు మొదట్లోనే గాడి చెక్కి లోతు చేసి ఉండాల్సింది.

"ఇప్పుడు చెయ్యరా?" అని అడిగాను.

"ఇన్నిసార్లు జారి లోపలి మెత్త అంతా అరిగిపోయిందమ్మా. ఇప్పుడు చెక్కితే లాభం లేదు. నడిచినంత కాలం పట్టీతో నడవండి. నొప్పి ఆగనప్పుడు మోకాలు మార్పిడే."

"అప్పుడే చూసి ఉంటే?"

ఆమె ఫిల్ము కవరులో పెట్టింది. "వేరేగ ఉండేది," అంది.

నా కూతురికి ఆపరేషన్ అయింది. దాని గురించి రాయడానికి ఎక్కువ లేదు, బాగా జరిగింది కాబట్టి. ఎముక అతుక్కునే దాకా కర్రలతో తిరిగింది, నొప్పికి తిట్టింది, వ్యాయామాలు చేసింది, కాలేజీకి తిరిగి వెళ్ళింది. బావగారు ఒక ఫంక్షన్లో కనపడి, "నేను చేద్దామనుకున్నదే ఆవిడ చేసింది" అన్నాడు. నోట్లో లడ్డూ ఉంది. మా ఆయన తలూపాడు.

నేను మా అత్తయ్యను అడగాల్సింది ఒకటి ఉంది. పిల్ల కాలు గట్టిపడే దాకా ఇంట్లో గొడవ వద్దని ఊరుకున్నాను. ఆఖరి చెకప్‌కు నలుగురం వెళ్ళాం, కారు మా ఆయనే నడిపాడు. డాక్టరమ్మ ఇక రానక్కర్లేదంది, పొలంలోకి దిగొచ్చంది. తిరిగి వస్తూ తల్లాడ దాటాక అడిగాను. నా ఆపరేషన్ ముందు రోజు బావగారి ఆస్పత్రిలో నర్సు వచ్చి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నేను తెలియదన్నాను, నాకు నిజంగా తెలియదు. నా మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్న మా అత్తయ్య చెయ్యి ఆపకుండానే లేదు అంది. తొనలు నా నోట్లో పెట్టింది. నేను తిన్నాను.

"ఆ రోజు ఎందుకు లేదన్నావు అత్తయ్యా? పెళ్ళి కాని పిల్ల ముందే మొన్న చెప్పావు కదా. మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

ఆమె ఆలోచించనే లేదు. నేను ఏదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు నా వైపు చూసింది.

"ఇది నా మనవరాలే. దాని బతుకంతా ముందుంది. నీకేంటే, అప్పటికే పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఉద్యోగం ఉంది. ఇక నీ మోకాలు ఎట్లా ఉంటే ఏం?"

మా ఆయన హారన్ కొట్టాడు. ముందు రోడ్డు మీద ఎవరూ లేరు.

నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి అనేసేదాన్ని. ఆ బత్తాయి రసం ఇప్పుడు గొంతులోకి వచ్చినట్టయింది, అంతే. ఆమె సంచీలోంచి తమలపాకు తీసి సున్నం రాసుకుంటోంది.

కారు వాకిట్లో ఆగాక ఆమె ఎప్పటిలాగే నా వైపు చెయ్యి చాపింది, దించమని. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ చెయ్యి నేనే పట్టుకునేదాన్ని. నేను నా వైపు తలుపు తీసి, నా కాలు నా చేతులతో ఎత్తి బయట పెట్టుకుని, దిగి లోపలికి వెళ్ళిపోయాను. ఆమెను నా కూతురు దించింది. నానమ్మ బరువంతా దాని మీద పడింది, దాని మోకాలు కదల్లేదు.